ఇంటికి చేరేలోపు ఒక గంట: రాసుకునే చోటు కోసం వెతికిన ఒక కేసు

నేను కథలు, నవలలు రాసేవాళ్ళతో పనిచేసే ఎడిటర్‌ని, నెల్లూరులో. రాతప్రతి దిద్దడం సగం పని, ఆ రాతప్రతి అసలు పుట్టేలా చూడటం మిగతా సగం. ఈ రెండో సగంలో ఎక్కువగా వినపడే మాట "ఇంట్లో రాయలేకపోతున్నా, ఎక్కడ కూర్చోవాలో చెప్పండి" అని. దానికి అందరం తలా ఒక సలహా పడేస్తాం: లైబ్రరీకి వెళ్ళు, తెల్లవారుజామున లే, ఫోన్ ఆపేయ్. ఆ సలహాలను ఒక మనిషి రోజులో పెట్టి చూస్తే ఏది నిలబడుతుందో ఏది కూలుతుందో ఈ కేసులో బాగా కనపడింది, అందుకే రాస్తున్నా. ఆమె అనుమతితోనే. ఊరి పేరు, బడి పేరు తీసేశాను, ఇంటి వివరాలు కొన్ని మార్చాను. ఇక్కడ ఆమెను టీచర్ అనే అంటాను.

నేపథ్యం

టీచర్‌కి నలభై దాటాయి. కాపురం నెల్లూరులో, ఉద్యోగం గంట పైన ప్రయాణం ఉండే పల్లెలో, జిల్లా పరిషత్ హైస్కూల్లో. మధ్యలో ఒక చిన్న టౌన్లో బస్సు దిగి షేర్ ఆటో ఎక్కాలి. ఈ దిగి ఎక్కే ఊరిని గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది. ఇంట్లో భర్త, హైస్కూలు వయసు పిల్లలిద్దరు, అత్తగారు. రెండు బెడ్‌రూముల అద్దె ఇల్లు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు, ఎవరూ రాయొద్దనలేదు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఇలాంటి కేసు వినగానే చాలామంది ఇంట్లోవాళ్ళను విలన్లను చేసేస్తారు.

కథలు రాసిన అనుభవం ఉంది, పత్రికల్లో వచ్చాయి కూడా. ఇది మొదటి నవల. విషయం సారా ఉద్యమం. 1992లో మన జిల్లా దూబగుంట ఆడవాళ్ళు రాజేసి, ఊరూరికీ పాకి, 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం దాకా వెళ్ళిన ఉద్యమం. దాని మొదలు అక్షరాస్యత తరగతుల్లో ఉంది. పగలంతా కూలికి పోయి, వండి పెట్టి, రాత్రిపూట పలక పట్టుకొని ఇల్లు దాటి వచ్చి కూర్చున్న ఆడవాళ్ళు, పాఠాల మధ్యలో సారా గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ తరగతుల మీద నవల రాస్తున్న మనిషికి తను కూర్చొని రాసుకోడానికి చోటు లేదన్న సంగతి మేమిద్దరం ఎప్పుడూ పైకి అనుకోలేదు గానీ, ఇద్దరికీ తెలుసు.

ఏం సమస్యతో వచ్చింది

"అక్కా, నాకు రాయడం పోయినట్టుండాది. మూడో అధ్యాయం దగ్గర ఆగిపోయి సంవత్సరం అవుతా ఉంది." ఇదీ ఆమె చెప్పింది.

నేను నమ్మలేదు. కారణం ఉంది. బస్సులో నిలబడి ఫోన్లో కొట్టుకున్న చిన్న చిన్న ముక్కలు కొన్ని నాకు పంపేది, నాలుగైదు వాక్యాలే అయినా వాటిలో మనుషులు కదులుతున్నారు, మాట ఉంది. రాయడం పోయిన మనిషికి అలా రాదు. పోయింది ఇంకేదో. అందుకని సలహా ఏమీ ఇవ్వకుండా ఒక పని చెప్పాను: ఇంట్లోనే కూర్చో, రాస్తుండగా పెన్ను ఆగిన ప్రతిసారీ ఎందుకు ఆగిందో మార్జిన్లో ఒక్క ముక్కలో రాయి. బాగా రాయాలన్న పట్టింపు వద్దు, లెక్క మాత్రం రావాలి.

ఆ పుస్తకం తెచ్చినప్పుడు పేజీల్లో నవల కంటే మార్జినే ఎక్కువుంది. గ్యాస్ బండ వచ్చింది. అమ్మా నా సాక్సులెక్కడ. కరెంటు బిల్లు ఎవరు కడతారు. టీచర్ల వాట్సాప్ గ్రూపులో మధ్యాహ్న భోజనం ఫొటో ఇంకా పెట్టలేదని మెసేజ్. పెరుగు తోడుపెట్టావా అని అత్తగారు. ఇవన్నీ ఊహించినవే. నన్ను ఆపింది అందులో లేనివి. పక్క గదిలో టీవీ సీరియల్ రాత్రి దాకా మోగుతుందని నాకు తెలుసు, వంటింట్లో మిక్సీ, వీధిలో మైకు. వీటిలో ఒక్కదానికీ ఆమె పెన్ను ఆగలేదు! ఆగింది ఎవరైనా పిలిచినప్పుడు. ఇంకొన్ని చోట్ల "ఎవరో పిలిచారనుకున్నా, పిలవలేదు" అని ఉంది. ఇంకా విచిత్రం, "పాలబ్బాయి వచ్చే టైమైంది" అని రాసి, అతను రాకముందే పేజీ మూసేసింది.

అంటే ఈమెకి శబ్దంతో పేచీ లేదు, పిలుపుతోనే ఉంది. పిలుపు వచ్చే వీలుందంటే చాలు, సగం మనసు తలుపు దగ్గర కాపలా ఉంటుంది. తర్వాత తీసుకున్న ప్రతి నిర్ణయానికీ ఈ తేడాయే ఆధారం. ప్రశాంతమైన చోటు వెతకడం కాదు, తనను పిలిచే హక్కు ఎవరికీ లేని చోటు వెతకాలి.

ఇంట్లో చేసిన ప్రయత్నాలు

బయటికి పంపే ముందు ఇంట్లోనే ప్రయత్నించాం, ఎందుకంటే అది ఖర్చు లేనిది, ఫలిస్తే అన్నిటికంటే నిలకడైనది. భర్తతో మాట్లాడి రాత్రి ఒక గంట తలుపు వేసుకుంటానని చెప్పింది. ఆయన సరేనన్నాడు, పిల్లల్ని కూడా అదిలించాడు. కానీ మన ఇళ్ళల్లో ఆడమనిషి తలుపేసుకుందంటే ఒంట్లో బాగాలేదని, లేకపోతే అలిగిందని అర్థం. అత్తగారు రెండు నిమిషాలకోసారి తలుపు దగ్గరకొచ్చి "ఏమ్మా, తలనొప్పిగా ఉందా?" అని మెల్లగా అడిగేది. ప్రేమతోనే. బయట అందరూ గుసగుసగా మాట్లాడుకుంటుంటే లోపల ఈమె ఆ గుసగుసలు వినడానికి చెవులు రిక్కించేది. మామూలు రోజుల కంటే తక్కువ రాసింది.

తెల్లవారుజామున నాలుగున్నరకి లేవడం తర్వాతి ప్రయత్నం. అత్తగారూ ఆ టైముకే లేస్తారు, కోడలు లేచిందని ఇద్దరికీ కాఫీ కలుపుతారు, కాఫీ దగ్గర కబుర్లు. అది సర్దుకున్నా నేనే మాన్పించేదాన్ని, ఎందుకంటే ఆ టైములో రాసిన పేజీల్లో వాక్యాలు ముక్కలైపోయాయి, పాత్రలు కూడా ఆవులిస్తున్నట్టున్నాయి. రోజంతా బోర్డు దగ్గర నిలబడే మనిషి నిద్రలోంచి గంట కోసుకుంటే ఆ గంటకి విలువుండదు. మిద్దె మీద కూర్చోవడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎండ, ఆరేసిన బట్టలు, పక్క మిద్దె మీద ఆంటీ.

బయట వెతికిన చోట్లు

ఇక్కడ టీచర్‌కి ఒక కోరిక ఉండేది. తిక్కన పెన్న ఒడ్డున కూర్చొని విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు రాశాడని నెల్లూరు వాళ్ళం పుట్టినప్పటి నుంచి వింటాం. ఆ పెన్న ఒడ్డునే, రంగనాయకుల గుడి వెనక, ఆదివారం పొద్దున కూర్చుంటానంది. నాకు నమ్మకం లేకపోయినా వద్దనలేదు, ఎందుకంటే ఆ కోరిక తీరకపోతే తర్వాత ఏ చోటు చూపించినా దానితో పోల్చుకుంటుంది. వెళ్ళింది. గాలికి పేజీలు ఆగవు, తొమ్మిదయ్యేసరికి కాగితం మీద ఎండ కళ్ళలో కొడుతుంది, అన్నిటికీ మించి గుళ్ళో తెలిసినవాళ్ళు. "ఏం టీచరమ్మా, ఒక్కదానివే వచ్చుండావే, ఏమన్నా మొక్కా?" ఒంటరిగా కూర్చున్న ఆడమనిషిని పలకరించకుండా పోవడం మన దగ్గర మర్యాద కాదు మరి. తిక్కనగారిని ఎవరూ అలా అడిగి ఉండరు.

మైపాడు బీచ్ మాట ఆమె ఎత్తగానే నేనే తీసేశాను. పాతిక కిలోమీటర్లు వెళ్ళి, ఉప్పుగాలిలో జిడ్డు ఓడుతూ, ఆదివారం జనంలో, ఒక్కతే. అందమైన చోటు రాయిస్తుందన్నది ఎప్పుడూ రాయనివాళ్ళు పుట్టించిన మాట అని నా అనుమానం.

జిల్లా కేంద్ర గ్రంథాలయం సహజంగా తట్టే చోటు. అక్కడ కుర్చీ దొరకడమే గగనం. గ్రూప్ 2కి, డీఎస్సీకి చదివే పిల్లలు తలుపు తీసేసరికే వచ్చి కూర్చుంటారు, భోజనానికి వెళ్ళేటప్పుడు కుర్చీ మీద పుస్తకం పెట్టి వెళ్తారు. వాళ్ళ అవసరం వాళ్ళది, నేను తప్పు పట్టను. ఇంకో చిక్కు, ఇంటి నుంచి పని మాని బయల్దేరి వెళ్ళాలి. "ఎక్కడికి, ఎంతసేపు, వచ్చేటప్పుడు కొత్తిమీర తెస్తావా" అని మొదలై, గడప దాటేసరికే గంటలో పావు వంతు పోతుంది. ఈ సంగతి నేను రాసి పెట్టుకున్నాను.

కాఫీ షాపులో పాటల గోల ఆమెకి అడ్డు కాలేదు, పిలిచేవాళ్ళూ లేరు. లెక్క ప్రకారం పనిచేయాల్సిన చోటు. కానీ వెయిటర్ వచ్చి నిలబడినప్పుడల్లా ఇంకేదో ఆర్డర్ ఇవ్వాలన్న టెన్షన్, నెలకి ఎంతవుతుందో అన్న లెక్క. పైగా ఒక స్టూడెంట్ తల్లి చూసి ఇంట్లో చెప్పింది. చెప్పడంలో తప్పేమీ లేదు, "టీచర్ గారిని కాఫీ షాపులో చూశాం" అంతే. ఆ "అంతే"కి ఆ రాత్రి ఇంట్లో సమాధానం చెప్పాల్సొచ్చింది.

రైలు కూడా చూశాం. నెల్లూరు నుంచి గూడూరుకి 38 కిలోమీటర్లు, ప్యాసింజర్‌లో వెళ్ళి వచ్చేయొచ్చు, కదిలే బండిలో ఇంటివాళ్ళు పిలవలేరు. ఎదుటి సీటువాళ్ళు పిలుస్తారు! ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, ఏం రాస్తున్నారమ్మా, మా అబ్బాయికి లెటర్ రాసి పెడతారా.

వేటపాలెం గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. సారస్వత నికేతనం 1918లో పెట్టిన గ్రంథాలయం, 1929లో గాంధీ శంకుస్థాపన చేసిన భవనం, పాత పత్రికలకు పేరున్న చోటు. 2022 దాకా ప్రకాశం జిల్లాలో ఉండేది, ఇప్పుడు బాపట్ల జిల్లా. 1992 నాటి పత్రికలు చూస్తూ అక్కడే రాసుకుంటానని సెలవు పెట్టి వెళ్ళింది. చాలా సంతోషంగా తిరిగొచ్చింది, పుస్తకం నిండా నోట్స్, నవల ఒక్క వాక్యం కూడా లేదు. నాకు ఆశ్చర్యం అనిపించలేదు. చుట్టూ చదవదగ్గది ఉంటే చెయ్యి దాని మీదికే పోతుంది. చదివే చోటు, రాసే చోటు ఒకటే అనుకోవడం చాలామందిలో చూస్తాను. సమాచారం కోసం వేటపాలెం లాంటి చోటికి వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి, ఒంగోలు, చీరాల వైపు వాళ్ళకైతే దగ్గర కూడా. రాయడానికి మాత్రం బోరు కొట్టే చోటు కావాలి.

దారి మార్చిన ఆలోచన

ఇన్ని చోట్లు పడిపోయాక చోట్ల జాబితా పక్కన పెట్టి ఆమె రోజు మొత్తాన్ని కాగితం మీద గీయించాను. పొద్దున ఎన్నింటికి బస్సు, బడి ఎప్పుడు వదులుతారు, ఆటో, మళ్ళీ బస్సు, ఇల్లు. బయట వెతికి పడిపోయిన ప్రతి ప్రయత్నంలోనూ ఆమె ఇంటి నుంచి బయటికి వెళ్ళాలి. ఇంటికొచ్చిన మనిషి మళ్ళీ బయల్దేరాలంటే ప్రతిసారీ బేరం, ప్రతిసారీ సంజాయిషీ. కానీ రోజుకి తొమ్మిది పది గంటలు ఆమె ఎలాగూ బయటే ఉంది, దానికి ఎవరి అనుమతీ అడగడం లేదు. ఇంటికి రాకముందే రాస్తే?

ముందు బడిలోనే ఉండిపోవడం అనుకున్నాం. పిల్లలు వెళ్ళాక ఖాళీ తరగతి గది, బల్ల, ఫ్యాన్. హెడ్మాస్టర్‌కి తాళాల బాధ్యత ఇష్టం లేదు, ఊరి చివర ఖాళీ బడిలో ఆడమనిషి ఒక్కతే ఉండటం నాకూ ఇష్టం లేదు. అది పోయింది. మిగిలింది బస్సు మారే ఊరు. అక్కడ బస్టాండ్‌కి నడిచే దూరంలో శాఖా గ్రంథాలయం ఉందని ఏళ్ళ తరబడి ఆ దారిన తిరుగుతున్న టీచర్‌కే తెలీదు, ఆటోవాళ్ళను అడిగితే చూపించారు. ఉదయం 8 నుంచి 11 దాకా, సాయంత్రం 4 నుంచి 7 దాకా, శుక్రవారం సెలవు. ఆమె అక్కడ దిగేది నాలుగున్నర తర్వాత. టైము ఇంత చక్కగా కుదిరిందంటే అదృష్టమే.

ఇంట్లో ఏం చెప్పాలన్నది పెద్ద చర్చ. పదో తరగతికి స్పెషల్ క్లాసులని చెప్పేస్తానంది, ఎవరూ అనుమానించరు. నేను ఒప్పుకోలేదు. నీతి కోసం కాదు. మన జిల్లాలో అబద్ధం వారం దాగదు, ఎవరో ఒకరు చూస్తారు. ఇంకోటి, అబద్ధం చెప్పి తెచ్చుకున్న గంటలో దొరికిపోతానన్న భయం కూడా పక్కనే కూర్చుంటుంది, అదీ పిలుపే. నిజమే చెప్పింది: "బస్సు మారే చోట లైబ్రరీలో ఒక గంట రాసుకొని వస్తా." అత్తగారు "లైబ్రరీకా, పోయిరా" అన్నారు. కాఫీ షాపుకి సమాధానం చెప్పాల్సిన ఇంట్లోనే లైబ్రరీ అన్న మాటకి ఎవరూ మారు మాట్లాడలేదు. ఆడవాళ్ళకి చోటు వెతికేటప్పుడు ఆ చోటు పేరు ఇంట్లో ఎలా వినపడుతుందన్నది కూడా చూసుకోవాలి, నచ్చినా నచ్చకపోయినా.

పని ఎలా కుదిరింది

వెళ్ళిన కొత్తలో పుస్తకం చదవకుండా కుర్చీ ఆక్రమించుకున్నానని మొహమాటపడింది. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు పోతుందని, ఆ కుర్చీలో తన డబ్బూ ఉందని చెప్పాను. సభ్యత్వం కూడా తీసుకోమన్నాను, కార్డు చేతిలో ఉంటే మొహమాటం సగం తగ్గుతుంది.

పేపర్లు చదవడానికొచ్చే పెద్దాయనలు అడిగారు, "ఎవురి తాలూకమ్మా?" అని. చెప్పింది. ఏం రాస్తున్నావన్నారు, అదీ చెప్పింది. అంతటితో అయిపోయింది, తర్వాత తల ఊపి ఎవరి పేపర్లో వాళ్ళు. రైల్లో రోజూ కొత్తవాళ్ళు కాబట్టి రోజూ అడుగుతారు, ఇక్కడ రోజూ వాళ్ళే కాబట్టి ఒక్కసారి అడిగి వదిలేస్తారు. లైబ్రేరియన్ బైండు చేసిన పాత సంపుటాల బీరువా పక్కన, కిటికీ దగ్గర చిన్న బల్ల చూపించాడు. కరెంటు పోయినా వెలుతురుంటుంది.

లాప్‌టాప్ వద్దనుకున్నాం. చార్జింగ్ గొడవ, నలుగురి చూపు. రూళ్ళ నోటు పుస్తకం, పెన్ను. ఫోన్ ఆపేయమని నేను చెప్పలేదు, ఆపేస్తే ఇంట్లో ఏమైందోనన్న దిగులే ఇంకా పెద్ద పిలుపు అవుతుంది. భర్త నంబరు, పెద్దవాడి నంబరు మాత్రమే మోగేలా పెట్టింది. ఇంటికెళ్ళే బస్సు టైమే ముగింపు. ఇది అనుకోకుండా దొరికిన మేలు: పాలబ్బాయి కోసం ముందే పేజీ మూసేసే మనిషి, బస్సు టైము ఖాయంగా తెలుసు కాబట్టి చివరి నిమిషం దాకా రాసింది.

ఎవరూ రాయని విషయం ఒకటి రాస్తాను. అక్కడ వాడుకోదగ్గ టాయిలెట్ లేదు. బడిలోనే చూసుకొని బయల్దేరాలి, నీళ్ళు తక్కువ తాగాలి, గంటకి మించి కూర్చోకూడదు. రెండు గంటలు చెయ్యమని నేను ఎందుకు ఒత్తిడి చేయలేదంటే కారణం ఇది, క్రమశిక్షణ కాదు. మగ ఎడిటర్లు దీన్ని అడగరు, ఆడ రచయితలు చెప్పరు, ఇద్దరూ కలిసి చోటు ఎందుకు కుదరలేదా అని తల పట్టుకుంటారు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి పెద్ద వానలు కదా, తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో నేరుగా ఇంటికే. దాన్ని ఎగ్గొట్టినట్టు లెక్కేయొద్దని ముందే అనుకున్నాం. అసలు దెబ్బ మార్చిలో తగిలింది. ఒంటిపూట బడులు మొదలైతే మధ్యాహ్నానికే వదిలేస్తారు, లైబ్రరీ నాలుగింటికి గానీ తెరవరు. ఎండలో మూడు గంటలు ఎక్కడుంటుంది? ఆ వెనకే వేసవి సెలవులు, అప్పుడు దారే లేదు.

ఆ నెలల కోసం నెల్లూరులో ఒక స్టడీ హాల్ చూసుకుంది, పోటీ పరీక్షల పిల్లల కోసం నెలవారీ ఫీజుకి క్యాబిన్ ఇచ్చే రకం. ఆడవాళ్ళకి వేరే వరస, ఏసీ, టాయిలెట్. చేరేటప్పుడు రిజిస్టర్లో "ఏ పరీక్ష?" అన్న గడి ఉంటే "సొంత పని" అని రాసింది. ఓనర్ రెండుసార్లు చదువుకొని సంతకం పెట్టించుకున్నాడట. డబ్బు కట్టి చేరింది కాబట్టి ఇంట్లో కూడా అది "క్లాసు" అయిపోయింది, కొత్తిమీర తెమ్మనడం ఆగింది. మొదట్లో ఆ నిశ్శబ్దం ఇబ్బంది పెట్టింది, పేజీ తిప్పితే వినపడేంత నిశ్శబ్దం, నాలుగు రోజులకి అలవాటైంది. సంవత్సరమంతా స్టడీ హాలే పెట్టుకోవచ్చు కదా అని అడిగారు కొందరు. బడి రోజుల్లో అయితే అది మళ్ళీ ఇంటికొచ్చి బయల్దేరడమే అవుతుంది.

నాకు మిగిలినవి

ఈ పనిలో ఉన్నవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, చోటు చెప్పే ముందు మార్జిన్ లెక్క రాయించండి. శబ్దంతో ఆగిపోయే మనిషికి ఈ శాఖా గ్రంథాలయం పనికిరాదు, బస్టాండ్ హారన్లు నేరుగా లోపలికే వస్తాయి. అలాంటివాళ్ళకి ఇంట్లో తలుపేసుకోవడమే సరిపోవచ్చు. ఇంకో విషయం ఈ కేసులోనే గట్టిగా తెలిసింది: టీచర్ ఇప్పటికీ దిద్దడం ఇంట్లోనే చేసుకుంటుంది, టీవీ పక్కనే, పిలుపుల మధ్యే. దిద్దేటప్పుడు మధ్యలో లేచి వెళ్ళినా గీత పెట్టిన వాక్యం అక్కడే ఉంటుంది. కొత్తగా పుట్టే వాక్యం ఉండదు. కాబట్టి బయట దొరికే ఆ గంటని కొత్త రాతకే వాడమని, ఫెయిర్ చేసుకోవడానికి ఖర్చు పెట్టొద్దని చెప్పాను. ఆ ఒక్క నియమంతోనే గంట సరిపోయింది.

నవల ఇప్పుడు సారా దుకాణం ముందు ఆడవాళ్ళు బైఠాయించే అధ్యాయం దాటింది. శుక్రవారాలు నేరుగా ఇంటికెళ్ళి అత్తగారితో కాఫీ తాగుతుంది. బదిలీలు వస్తే ఆ బస్సు రూటు, ఆ ఊరు, ఆ బల్ల అన్నీ పోతాయి, కాగితం మీద రోజు మళ్ళీ గీసుకోవాలి. మొన్న ఆ మాటే వస్తే, బదిలీకి ఆప్షన్లు పెట్టేటప్పుడు అందరూ ఇంటద్దె అలవెన్సు (హెచ్‌ఆర్‌ఏ) చూసుకుంటారు, నేను మాత్రం బడుల జాబితా పక్కన శాఖా గ్రంథాలయాలు ఉన్న ఊళ్ళు రాసుకుంటా ఉండా అక్కా, అంది.